సెయింట్ ఆండ్రూస్ ఇసుకబీడు

స్కాట్లండు తూర్పుతీరమున సెయింట్ ఆండ్రూస్ అను చిన్న పట్టణము కలదు. దాని ప్రక్కనే, ఉత్తరసముద్రపు టొడ్డున, ఇసుకతిన్నెలతో నిండిన సన్నని పచ్చికబీడు కలదు. అట్టి నేలను ఆ దేశీయులు 'లింక్స్' అందురు. గోల్ఫు ఆటస్థలములలో మిక్కిలి ప్రాచీనమని పేరొందిన 'ఓల్డ్ కోర్సు' ఇచ్చటిదే.

దీనిని మొదట నే శిల్పియు గీతలు గీసి నిర్మింపలేదు. సముద్రము వెనుకకు తగ్గగా మిగిలిన ఇసుకనేల సేద్యమునకు కొఱగాకపోయెను. గాలి తిన్నెలను దిద్దెను. కుందేళ్లును గొఱ్ఱెలును పచ్చికను కురుచగా మేసెను. చలిగాలికి వెఱచి గొఱ్ఱెలు ఒదిగిన పల్లములే తరువాత 'బంకరు' లను ఇసుకగుంటలయ్యెనని చెప్పుదురు. అట్టివి నేడు నూటికి పైగా నున్నవి.

బీడు ఇరుకు. ఆటగాండ్రు పట్టణము నొద్ద బయలుదేరి, 11 గుంటలలో బంతిని వేయుచు కొసకు పోయి, మరల ఆ దారినే 11 ఆడుచు వచ్చెడివారు. 1764లో మొదటి నాలుగింటిని రెండుగా కలిపిరి. పోవునపుడు రెండు, వచ్చునపుడు రెండు తగ్గి, 22కు 18 మిగిలెను. నేడు లోకమంతటను పూర్తి ఆటకు అదియే లెక్క. ఎదురెదురుగా వచ్చువారికి చోటు చాలక పచ్చికలను వెడల్పు చేసిరి. అందుచే ఏడు పచ్చికలకు రెండేసి గుంటలున్నవి. ఆ జంట సంఖ్యలను కూడిన ప్రతిచోటను 18 వచ్చును.

ఈ బీడు ఒకమారు చేజారెను. 1552లో ఆర్చిబిషప్ జాన్ హామిల్టన్ అచ్చట కుందేళ్లను పెంచుకొనుటకు అనుమతి పొందుచు, పౌరుల ఆటహక్కును పత్రమూలకముగా అంగీకరించియుండెను. అయినను 1797లో అప్పులపాలైన పట్టణసభ నేలను విక్రయించెను. కొన్న వర్తకులు కుందేళ్ల వ్యాపారము సాగించిరి. అవి ఆటస్థలమును త్రవ్విపోసెను. పౌరులు న్యాయస్థానముల కెక్కిరి. తుదకు 1821లో జేమ్స్ చీప్ అను భూస్వామి దానిని కొని ఆటకై కాపాడెను. 1894లో పార్లమెంటు శాసనముచే అది మరల పట్టణమునకు చేరెను. 1974లో నేర్పడిన ట్రస్టు నేడు దానిని నిర్వహించుచున్నది. ఆదివారములందు సాధారణముగా ఆట యుండదు. ఊరివారు పిల్లలతో అచ్చట తిరుగుదురు.

జీవితమంతయు దస్తావేజుల నడుమ గుమాస్తాగా గడపిన నాకు, ఆటకంటె ఆ పత్రమే ముచ్చట గొల్పును. నేలను కాచినది కాగితమొక్కటియే కాదు; దానిని మఱవని ఊరివారును. పెద్దలు వలసవచ్చి పరాయిసీమలందు కట్టుకొన్న భజనమందిరముల పత్రము లెవరి పెట్టెలో నున్నవో, మన పిల్లలకు చెప్పియుంచితిమా?