ఇంగ్లీషులో ఉత్తరం: ఇంటికి రాసేది వేరు, ఆఫీసుకు రాసేది వేరు

పదో తరగతి ఇంగ్లీషు పేపర్లో లెటర్ అంటే చాలామంది పిల్లలకు తేలిగ్గా వచ్చే మార్కులు. గైడులో ఒక నమూనా బట్టీ పట్టి, పేర్లు మార్చి రాసేస్తే సరిపోతుంది. అసలు తిప్పలు ఆ తర్వాతే. టీసీలో తండ్రి పేరు తప్పు పడినప్పుడు, స్కాలర్‌షిప్ ఆగినప్పుడు, హాస్టల్ సీటు కోసం ప్రిన్సిపాల్‌కు ఒక అర్జీ రాయాల్సి వచ్చినప్పుడు డిగ్రీ చదివే పిల్లలు కూడా జిరాక్స్ షాపులో ఎవరైనా రాసిస్తారా అని వెతుక్కుంటున్నారు. జగ్గయ్యపేట, నందిగామ వైపు ఇళ్లలో ఇది కొత్త సంగతేం కాదు. రాసిచ్చేవాడికి మన సంగతి తెలియదు. అందుకే ఆ కాగితంలో మర్యాదలు ఎక్కువగానూ విషయం తక్కువగానూ ఉంటుంది.

ఇంగ్లీషు పుస్తకాల్లో ఉత్తరాలు రెండు రకాలని చెబుతారు. ఇన్‌ఫార్మల్ అంటే ఇంట్లోవాళ్లకు, స్నేహితులకు రాసేది. ఫార్మల్ అంటే హెడ్మాస్టర్‌కు, బ్యాంకు మేనేజర్‌కు, మున్సిపల్ కమిషనర్‌కు, పత్రికా సంపాదకుడికి రాసేది. తేడా గుర్తుపెట్టుకోవడానికి తేలిక దారి ఒకటుంది. మొదటిది మనిషికి రాస్తాం, రెండోది కుర్చీకి రాస్తాం. కుర్చీలో ఈరోజు ఉన్నాయన రేపు బదిలీ మీద వెళ్లిపోవచ్చు, ఉత్తరం మాత్రం ఫైల్లో ఉండిపోతుంది. ఆరు నెలల తర్వాత మన ముఖం ఎరగని ఒక క్లర్కు దాన్ని తీసి చదివినా ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఏం కావాలి అన్నవి అర్థమైపోవాలి. ఇంటి ఉత్తరానికి ఆ బాధ లేదు. చదివేవాళ్లకు మనం తెలుసు. వాళ్లకు కావాల్సింది మన గొంతు.

ఇంటి ఉత్తరం

మన పిల్లల ఇన్‌ఫార్మల్ లెటర్ నూటికి తొంభై వంతులు ఒకే వాక్యంతో మొదలవుతుంది: ‘ఐ యామ్ ఫైన్ హియర్ అండ్ హోప్ యూ ఆర్ ఫైన్ దేర్.’ ఇది ఇంగ్లీషు కాదు. ‘ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను’ అన్న పాత తెలుగు ఉత్తరాల మాట. ఉర్దూ ఉత్తరాల్లో ఖైరియత్ అడిగే మాట కూడా ఇదే. తప్పని కొట్టెయ్యక్కర్లేదు గానీ, దాని తర్వాత రాయడానికి ఏమీ లేకపోవడమే బాధ.

ఉర్దూ చదివిన ఇళ్లలో మీర్జా గాలిబ్ ఉత్తరాల మాట వినే ఉంటారు. ఆయన కాలంలో ఉత్తరం మొదలుపెట్టాలంటే బారెడు బిరుదులు, అల్‌ఖాబ్ ఆదాబ్ రాయాలి. గాలిబ్ వాటిని చాలావరకు పక్కనపెట్టి, ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు రాశాడు. ఆ ఉత్తరాలను ‘ఊద్-ఎ-హిందీ’, ‘ఉర్దూ-ఎ-ముఅల్లా’ అనే పుస్తకాలుగా 1868, 1869లలో అచ్చు వేశారు. ఆయన కవిత్వం అర్థం కానివాళ్లు కూడా ఆ ఉత్తరాలు ఇష్టంగా చదువుతారు. ఇంగ్లీషులో ఇంటి ఉత్తరానికి పనికొచ్చే పాఠం కూడా ఇదే: మాట్లాడినట్టు రాయాలి.

2024 సెప్టెంబర్ మొదట్లో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర నీళ్లు జాతీయ రహదారి ఎక్కాయి, హైదరాబాద్–విజయవాడ రాకపోకలు ఆగిపోయాయి. అంతకు ముందు ఏడాది జూలైలోనూ అక్కడే అలాగే జరిగింది. నందిగామ దగ్గర ఒక పల్లెలో ఉండే అమ్మాయి, కువైట్‌లో పనిచేసే తండ్రికి ఆ సంగతి రాస్తోందనుకుందాం.

మై డియర్ అబ్బా,
అస్సలాము అలైకుమ్. వుయ్ ఆర్ ఆల్ సేఫ్. ద వాటర్ కేమ్ అప్ టు అవర్ సెకండ్ స్టెప్ ఆన్ సండే నైట్ అండ్ దెన్ ఇట్ కేమ్ ఇన్. అమ్మీ లిఫ్టెడ్ ద రైస్ బ్యాగ్ ఫస్ట్ అండ్ మై బుక్స్ నెక్స్ట్, సో యూ కెన్ గెస్ వాట్ గాట్ వెట్. నానీ డిడ్‌న్ట్ స్లీప్ ఎట్ ఆల్. డోంట్ వర్రీ అబౌట్ ద హౌస్. ప్లీజ్ కాల్ నానీ వెన్ యూ కెన్.
యువర్ లవింగ్ డాటర్

ఇందులో పెద్ద మాట ఒక్కటీ లేదు. తండ్రి ముందు వినాలనుకునే మాట, అందరం క్షేమంగా ఉన్నాం అన్నది, మొదటే వచ్చింది. అమ్మీ బియ్యం బస్తా ముందు ఎత్తింది, పుస్తకాలు తడిశాయి అన్నచోట ఆయనకు ఇల్లు కళ్లకు కడుతుంది. ‘డోంట్’, ‘డిడ్‌న్ట్’ లాంటి కుదింపు మాటలు ఇక్కడ రాయొచ్చు. సలాం రాయొచ్చు. కొందరు పెద్దవాళ్లకు కాగితం పైన 786 వేసే అలవాటుంది, ఇంటి ఉత్తరంలో అది ఇంటివాళ్ల ఇష్టం. ఖాలా, ఫుప్పూ, మామూ, చాచా అన్న పిలుపులు కూడా అలాగే ఉంచెయ్యొచ్చు. ఇంగ్లీషు ‘ఆంటీ’లో ఖాలా ఎవరో ఫుప్పూ ఎవరో తెలియదు కదా. పరీక్షలో మాత్రం ప్రశ్నలో ఇచ్చిన పిలుపే వాడాలి. ఇంకో జాగ్రత్త: పబ్లిక్ పరీక్ష జవాబు పత్రంలో సొంత పేరు, స్కూలు పేరు రాయకూడదు. ప్రశ్నలో పేరు ఇస్తే అది, లేకపోతే ఎక్స్ వై జెడ్ అని రాసి వదిలెయ్యాలి.

ఆఫీసు ఉత్తరం

అదే అమ్మాయి, అదే వరద. ఇప్పుడు తడిసిపోయిన స్టడీ సర్టిఫికెట్ బదులు ఇంకొకటి కావాలి. చదివిన స్కూలు హెడ్మాస్టర్‌కు రాయాలి. బియ్యం బస్తా, నానీ, రెండో మెట్టు ఇక్కడ పనికిరావు. తేదీ, అడ్మిషన్ నంబరు, చదివిన సంవత్సరాలు పనికొస్తాయి.

కాగితం పైన ఎడమవైపు ‘ఫ్రమ్’ కింద తన పేరు, చిరునామా, ఫోన్ నంబరు, తేదీ. దాని కింద ‘టు’, హెడ్మాస్టర్ హోదా, స్కూలు, ఊరు. తర్వాత ‘సర్’ లేదా ‘మేడమ్’. ఆపైన ‘సబ్’ అని ఒక్క లైనులో విషయం. ముందు ఏదైనా ఉత్తరం నడిచి ఉంటే ‘రెఫ్’ అని దాని నంబరు, తేదీ. మన రాష్ట్రంలో ఆఫీసు కాగితాలు ఎక్కువగా ఈ వరుసలోనే నడుస్తాయి కాబట్టి క్లర్కు కన్ను ముందు సబ్ లైను మీదే పడుతుంది. ‘రిక్వెస్ట్’ అని ఒక్క మాట రాసి వదిలేస్తే అది సబ్ కాదు. ‘రిక్వెస్ట్ ఫర్ డూప్లికేట్ స్టడీ సర్టిఫికెట్’ అని ఉండాలి.

సర్,
సబ్: రిక్వెస్ట్ ఫర్ డూప్లికేట్ స్టడీ సర్టిఫికెట్.
ఐ స్టడీడ్ ఇన్ యువర్ స్కూల్ ఫ్రమ్ సిక్స్త్ క్లాస్ టు టెన్త్ క్లాస్, ఫ్రమ్ 2019–20 టు 2023–24. మై అడ్మిషన్ నంబర్ ఈజ్ (నంబరు). మై స్టడీ సర్టిఫికెట్ వాజ్ డ్యామేజ్డ్ వెన్ ఫ్లడ్ వాటర్ ఎంటర్డ్ అవర్ హౌస్ ఆన్ 1 సెప్టెంబర్ 2024. ఐ నీడ్ ఇట్ ఫర్ మై స్కాలర్‌షిప్ అప్లికేషన్. ఐ రిక్వెస్ట్ యూ టు ఇష్యూ ఎ డూప్లికేట్. ఎ కాపీ ఆఫ్ మై టెన్త్ క్లాస్ మార్క్స్ మెమో ఈజ్ ఎన్‌క్లోజ్డ్.
థాంకింగ్ యూ,
యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ,
(సంతకం, కింద పొడి అక్షరాల్లో పేరు)

మొదటి వాక్యం ఎవరో చెప్పింది, మూడోది ఏం జరిగిందో చెప్పింది, తర్వాతివి ఎందుకు, ఏం కావాలో చెప్పాయి. జత చేసిన కాగితం పేరు కూడా ఉత్తరంలోనే ఉంది, రేపు అది ఫైల్లోంచి జారిపోతే మనం ఇచ్చామనడానికి అదే ఆధారం. ‘ఐ యామ్ ఎ పూర్ స్టూడెంట్, కైండ్‌లీ డు ద నీడ్‌ఫుల్ అండ్ ఒబ్లైజ్’ అని రెండు లైన్లు బతిమాలడం కన్నా అడ్మిషన్ నంబరు ఒక్కటి రాయడం మేలు. నంబరు ఉంటే రిజిస్టర్ తీస్తారు. బతిమాలితే రిజిస్టర్ కదలదు.

ముగింపు మాట దగ్గర గందరగోళం ఎక్కువ. పేరు లేకుండా ‘డియర్ సర్’ అనో ‘సర్’ అనో మొదలుపెడితే చివర ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’. పేరుతో పిలిస్తే ‘యువర్స్ సిన్సియర్లీ’. హెడ్మాస్టర్‌కు ‘యువర్స్ ఒబీడియెంట్లీ’ రాయడం మన స్కూళ్ల ఆచారం, పరీక్షలో నడుస్తుంది. కంపెనీకి ఉద్యోగం కోసం రాసేటప్పుడు అది వద్దు. ‘యువర్స్’లో చివరి ఎస్ ముందు పైన చుక్కలాంటి గుర్తు పెట్టకూడదు. ఈ ఒక్క తప్పు పదో తరగతి నుంచి పీజీ దాకా వెంటాడుతుంది.

ఇంకొన్ని తప్పులు తెలుగు, ఉర్దూల్లో ఆలోచించి ఇంగ్లీషులో రాయడం వల్ల వస్తాయి. ‘మైసెల్ఫ్ ఫలానా’ కాదు, ‘ఐ యామ్ ఫలానా’. ‘ఐ యామ్ స్టడీయింగ్ టెన్త్ క్లాస్’లో ‘ఇన్’ చేర్చాలి. ‘మై ఫాదర్ నేమ్’ కాదు, ‘మై ఫాదర్స్ నేమ్’. ‘డిస్కస్ అబౌట్’లో ‘అబౌట్’ అక్కర్లేదు. జ్వరం వస్తే ‘ఐ యామ్ సఫరింగ్ విత్ ఫీవర్’ కాదు, ‘ఫ్రమ్ ఫీవర్’. సెలవు చీటీలో ఎన్ని రోజులు అన్నది రాసి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది మర్చిపోతుంటారు. క్లాస్ టీచర్‌కు కావాల్సింది తేదీలే.

పేరు దగ్గర జాగ్రత్త

మన ఇళ్లలో ఇంగ్లీషు ఉత్తరం అవసరం పడేది చాలాసార్లు పేరు సరిచేయించుకోవడానికే. షేక్ అన్న ఇంటిపేరు ఒక కాగితంలో ఎస్, హెచ్, ఏ, ఐ, కె అని ఉంటుంది. ఇంకొకదానిలో చివర హెచ్ చేరుతుంది. మరొకదానిలో ఉత్త ఎస్‌కే, చుక్క. మహమ్మద్ అయితే ఎండీ దగ్గర మొదలై నాలుగైదు రకాలు. స్కూల్లో చేర్చిన రోజు ఎవరో తొందరలో రాసిన అక్షరాలు ఆధార్‌తో కలవక, పాస్‌పోర్టు దగ్గర పని ఆగిపోతుంది. అప్పటికి పిల్లాడికి వీసా తేదీ దగ్గర పడి ఉంటుంది.

దీనికి మంచి సమయం పదో తరగతిలో నామినల్ రోల్స్ పంపే ముందు. అప్పుడు హెడ్మాస్టర్‌కు ఒక చిన్న ఉత్తరం ఇస్తే స్కూల్లోనే సరిపోతుంది. సర్టిఫికెట్ అచ్చయ్యాక అయితే స్కూలు ద్వారా పరీక్షల విభాగం దాకా కాగితం నడవాలి. ఆ ఉత్తరంలో ‘మై నేమ్ ఈజ్ రాంగ్’ అని రాస్తే ఎవరికీ అర్థం కాదు. ఇప్పుడు ఏం ఉంది, ఏం ఉండాలి అన్నవి రెండు లైన్లుగా, పెద్ద అక్షరాల్లో, ఒకదాని కింద ఒకటి రాయాలి. ‘యాజ్ ప్రింటెడ్’ అని ఒకటి, ‘టు బి కరెక్టెడ్ యాజ్’ అని ఇంకొకటి. పక్కనే ఏ కాగితం ఆధారమో చెప్పాలి. ఆ ఉత్తరం కింద సంతకంలోని పేరు కూడా సరిచేయమన్న అక్షరాలతోనే ఉండాలి. అక్కడ మళ్లీ ఎస్‌కే అని గిలికేస్తే కథ మొదటికొస్తుంది.

ఇంగ్లీషు తప్పనిసరా?

ప్రతి ఆఫీసు ఉత్తరం ఇంగ్లీషులోనే ఉండాలని లేదు. తెలుగు 1966 చట్టం నుంచీ అధికార భాష. ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూను రెండో అధికార భాషగా గుర్తిస్తూ 2022లో చట్టం చేశారు. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ తెలుగులో ఇవ్వొచ్చు. సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు ఇంగ్లీషులో గానీ, హిందీలో గానీ, ఆ ప్రాంత అధికార భాషలో గానీ ఇవ్వొచ్చు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు, జవాబుకు మామూలుగా 30 రోజుల గడువు. అర్జీ, దరఖాస్తు, రసీదు, జవాబు అన్నీ ఉర్దూ దారిలో తెలుగులోకి వచ్చిన మాటలే, ఆ సంగతి ఎంతమందికి గుర్తుందో! ఇంగ్లీషు తప్పకుండా కావాల్సి వచ్చేది బయటి రాష్ట్రాల కాలేజీలు, కంపెనీలు, ఎంబసీలు, విదేశాల్లో యజమానుల దగ్గర.

గ్రామర్ భయం కూడా కొంత తగ్గించుకోవచ్చు. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే ప్రయాణికుడు సాహిబ్‌గంజ్ రైల్వే ఆఫీసుకు తప్పుల తడక ఇంగ్లీషులో ఒక ఫిర్యాదు రాశాడు. కాలకృత్యాలకు దిగితే గార్డు ఆగకుండా బండి కదిలించేశాడని దాని సారం. రైలు పెట్టెల్లో మరుగుదొడ్లు రావడానికి ఆ ఉత్తరమే కారణమని చెబుతుంటారు. ఏ స్టేషన్లో, ఏం జరిగింది, ఏం చెయ్యాలి అన్నవి మాత్రం అందులో స్పష్టంగా ఉన్నాయి.

కవరు మీద

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక జగ్గయ్యపేట, నందిగామ ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. పాత అలవాటుతో ఇంకా కృష్ణా జిల్లా అని రాసేవాళ్లున్నారు. పిన్ కోడ్ సరిగా ఉంటే ఉత్తరం చేరిపోతుంది, జగ్గయ్యపేటకు 521175, నందిగామకు 521185. దరఖాస్తులో మాత్రం ఆధార్‌లో ఒక జిల్లా, ఉత్తరంలో ఒక జిల్లా ఉంటే అడుగుతారు కాబట్టి ‘ఎన్టీఆర్ డిస్ట్రిక్ట్, ఎర్స్ట్‌వైల్ కృష్ణా’ అని రాసుకుంటే గొడవ ఉండదు.

ఈమెయిల్ అయితే సబ్ లైను సబ్జెక్ట్ గడిలోకి వెళ్తుంది, మిగతా అంతా ఇదే. ‘యూ’ అన్న మాటకు ఒక్క అక్షరం రాసే వాట్సాప్ అలవాటు అక్కడికి తీసుకెళ్లొద్దు.

చేతికి ఇచ్చే ఉత్తరం రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో రిసీవ్డ్ ముద్ర వేయించుకోవాలి. పోస్టులో పంపితే, పాత రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి కౌంటర్‌లో స్పీడ్ పోస్టు అనే అడగాలి. ఆ రసీదును ఉత్తరం జిరాక్స్ వెనక పిన్ చేసి ఉంచుకోవాలి. రెండోసారి రాయాల్సి వస్తే ‘రెఫ్’ దగ్గర రాసేది ఆ తేదీ, ఆ నంబరే.