వెబ్ కుకీలు, బ్రౌజర్ నిల్వ

వెబ్‌సైటు సర్వరు చదువరి బ్రౌజర్లో రాసి ఉంచే చిన్న సమాచారమే కుకీ. పరిమాణం గరిష్ఠంగా సుమారు 4 కిలోబైట్లు. అదే సైటును మళ్లీ తెరిస్తే బ్రౌజరు దాన్ని సర్వరుకు పంపుతుంది. లోకల్ స్టోరేజీ అనే మరో నిల్వలో సాధారణంగా 5 మెగాబైట్ల దాకా పడుతుంది, అందులోది దానంతటదే సర్వరుకు వెళ్లదు.

పుట్టుక

వెబ్ పేజీలను చేరవేసే హెచ్‌టీటీపీ పద్ధతికి జ్ఞాపకం లేదు. ఒకే మనిషి పది పేజీలు తెరిచినా పదిసార్లూ కొత్తవాడే. ఈ లోటు తీర్చడానికి 1994లో నెట్‌స్కేప్ ఇంజనీరు లూ మాంటుల్లీ కుకీని రూపొందించారు. గుడివాడ సినిమా హాలు దగ్గర సైకిల్ స్టాండులో ఇచ్చే టోకెన్ లాంటిది ఇది: మన చేతిలో ఉండేది నంబరే, సైకిలు స్టాండులోనే ఉంటుంది.

నిఘా, నియంత్రణ

ఒకే ప్రకటనల సంస్థ అనేక సైట్లలో చోటు కొనుక్కుని, అన్నిచోట్లా తన కుకీనే చదువుకోవడంతో చిక్కు మొదలైంది. మనం ఎక్కడెక్కడ ఏం చూశామో ఒకేచోట పోగుపడసాగింది. 1996 ఫిబ్రవరిలో ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక రాశాక ఈ సంగతి జనానికి తెలిసింది. 1997 నాటి తొలి కుకీ ప్రమాణపత్రం ఇలాంటి మూడో పక్షపు కుకీలను అడ్డుకోమంది, ప్రధాన బ్రౌజర్లు వినలేదు. 2009లో ఐరోపా సమాఖ్య ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసింది. సఫారీ బ్రౌజరు 2020లో మూడో పక్షపు కుకీలను పూర్తిగా ఆపింది. క్రోమ్ ఆపుతానని 2020లో ప్రకటించి 2024లో వెనక్కి తగ్గింది.

తెలుగు వికీపీడియా

2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలైన తెలుగు వికీపీడియాలో ప్రకటనలు లేవు, మూడో పక్షపు కుకీలూ లేవు. అయినా అదీ కుకీలను వాడుతుంది. లాగిన్ అయినవారిని గుర్తుంచుకోవడానికి ఒకటి కావాలి. వాడుకరి కోరితే దాని గడువు 365 రోజుల దాకా ఉంటుంది. పేజీలు త్వరగా తెరుచుకునేందుకు ప్రోగ్రాం భాగాలను లోకల్ స్టోరేజీలో దాస్తుంది.

పాఠకుల లెక్క తీసే తీరు మరీ మెచ్చదగింది. అవనిగడ్డలో ఒకరు ఫోనులో మచిలీపట్నం వ్యాసం తెరిస్తే, ఈ లెక్కకు వాడే కుకీలో పడేది ఆనాటి తేదీ మాత్రమే, అందులో మనిషికో నంబరు ఉండదు. మర్నాడు అదే ఫోను వస్తే, పాత తేదీని బట్టి ఈ రోజు లెక్కలో చేర్చుకుంటారు. ఈ పద్ధతిలో వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థ 2016 నుంచి గణాంకాలు ప్రచురిస్తోంది. ఖాతా లేకుండా దిద్దుబాటు చేసేవారి ఐపీ చిరునామా ఒకప్పుడు అందరికీ కనిపించేది. దాన్ని మరుగుపరచడానికి 2024 నుంచి దశలవారీగా, 90 రోజుల కుకీతో నడిచే తాత్కాలిక ఖాతాలు తెచ్చారు.

భారత చట్టం

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కుకీల పేరెత్తదు గాని, వ్యక్తిగత సమాచారం సేకరిస్తే సాధారణంగా స్పష్టమైన సమ్మతి ఉండాలంటుంది.

అంచనా

కుకీ మంచిదా చెడ్డదా అన్నది దాన్ని ఎవరు, దేనికి, ఎన్నాళ్లకు రాశారన్న దానిపై ఆధారపడుతుంది. గోప్యతను గౌరవించే సైటు అవసరమైనంతే రాసి, ఆ సంగతి చదువరికి చెబుతుంది. మచిలీపట్నంలోనైనా మరెక్కడైనా నెట్ సెంటర్ కంప్యూటరు వాడేవారు లేచే ముందు తప్పక లాగౌట్ కావాలి, కుకీలనూ తుడిచేయాలి.