గోడల్లో ప్రక్షిప్తాలు, వీధుల్లో మూలపాఠం: నైరుతి ఫ్రాన్స్ దారి వెంట మధ్యయుగం

మిషెలిన్ రోడ్డు పటాల్లో కొన్ని దారుల అంచున ఆకుపచ్చ గీత ఉంటుంది. ఆ దారిన వెళ్తే కంటికి ఇంపుగా ఉంటుందని సూచన. హైవే ఎక్కితే ఇంకో గుర్తు కనబడుతుంది: గోధుమరంగు బోర్డు మీద తెల్లటి గీతల్లో ఒక కోట బొమ్మ, కింద దాని పేరు. స్విట్జర్లాండ్‌లో పుట్టిన గ్రాఫిక్ డిజైనర్ జాఁ విడ్మేర్ 1970లలో ఈ తరహా బోర్డులకు రూపకల్పన చేశాడు. పటమూ బోర్డూ చేసే పని ఒకటే. ఎక్కడ ఆగాలో, దేన్ని చూసి మధ్యయుగం అనుకోవాలో మనం కారు దిగకముందే నిర్ణయించి పెడతాయి.

కార్కసోన్ నుంచి కోర్ద్, మోంపాజియే మీదుగా దోర్దోన్ నది ఒడ్డున ఉన్న బేనాక్ దాకా సాగే దారిని ఈ వ్యాసంలో ఒక తాళపత్ర ప్రతిలా చదవాలని నా ప్రయత్నం. మూలం ఏది, లేఖకుడు చేర్చింది ఏది, పరిష్కర్త దిద్దింది ఏది అని విడదీసి చూడటం తెలుగు సాహిత్య పరిశోధనకు కొత్త కాదు. ఆ పద్ధతిలో చూస్తే ఈ దారిలో ప్రక్షిప్తాలు ఎక్కువగా గోడల్లో ఉన్నాయి. మూలపాఠం వీధుల్లో, ఇంటి స్థలాల కొలతల్లో నిలిచి ఉంది. యాత్రికుల కెమెరాలు మాత్రం గోడల వైపే తిరుగుతాయి.

పరిష్కర్తల సంగతి ముందు చెప్పుకోవాలి. 1830లో ఫ్రాన్స్ ప్రభుత్వం చారిత్రక కట్టడాల ఇన్‌స్పెక్టర్ జనరల్ అనే పదవిని సృష్టించింది. 1834లో ఆ పదవిలోకి వచ్చిన ప్రోస్పేర్ మెరిమే కథకుడు కూడా. మన ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర ముగించుకుని వచ్చిన మూడేళ్ళకు అతడు గుర్రపు బండిలో దక్షిణ ఫ్రాన్స్‌కు బయల్దేరాడు. మరుసటి ఏడాదే ఆ పర్యటన విశేషాలు పుస్తకంగా వచ్చాయి. వీరాస్వామయ్య మజిలీల దూరాలూ నీళ్ళ వసతీ రాసుకుంటే, మెరిమే కూలబోయే కప్పుల లెక్క రాసుకున్నాడు. ఉద్యోగధర్మాలు వేరు. ఇలాంటి పర్యటనల నుంచే, 1840లో అచ్చయిన, సుమారు వెయ్యి కట్టడాలతో కూడిన తొలి రక్షణ జాబితా రూపుదిద్దుకుంది. ప్రభుత్వం దృష్టిలో ఏది చారిత్రకం అన్న ప్రశ్నకు జవాబు చాలామటుకు బండి దారుల మీద దొరికిందన్నమాట.

ఆ జాబితా వెనకే వచ్చినవాడు వాస్తుశిల్పి వియొలె-ల-ద్యూక్. 1850లో కార్కసోన్ ప్రాకారాలను సైనిక రక్షణ కట్టడాల పట్టిక నుంచి తొలగించారు. అంటే వాటిని రాళ్ళకోసం పడగొట్టుకోవచ్చు. స్థానిక పండితులూ మెరిమే అడ్డుపడ్డారు. 1853 నుంచి పునరుద్ధరణ మొదలైంది. 52 బురుజులు, సుమారు మూడు కిలోమీటర్ల జంట ప్రాకారం వియొలె-ల-ద్యూక్ చేతికి వచ్చాయి. లోపలి గోడ అడుగున ఇటుక వరుసలు కలిపి కట్టిన రోమన్ కాలపు పనితనం ఉంది. 1209లో క్రూసేడు సేనలకు లొంగిపోయాక నగరం రాజు చేతికి వచ్చింది, పదమూడో శతాబ్దంలో తొమ్మిదో లూయీ, అతని కొడుకు మూడో ఫిలిప్ బయటి గోడ కట్టించి లోపలిదాన్ని బాగు చేయించారు. వీటన్నిటి మీదా పంతొమ్మిదో శతాబ్దం తన చేయి వేసింది.

ఆ చేయి అందరికీ నచ్చలేదు. బురుజుల మీద నిటారైన శంకువు కప్పులు వేసి వాటికి నల్ల పలకరాయి పరిచారు. ఆ ఎండ దేశంలో ఇళ్ళకు వాలు తక్కువ, పైన ఎర్ర పెంకు. ఉత్తరాది రాజు కట్టించిన కోటకు ఉత్తరాది కప్పే ఉంటుందని వియొలె-ల-ద్యూక్ తర్కం. వాదన మరీ కొట్టిపారేయదగ్గది కాదు. కానీ ఇరవయ్యో శతాబ్దంలో కొన్ని రోమన్ బురుజుల మీద పలకరాయి తీసేసి వాలు తక్కువ పెంకు కప్పులు వేశారు. అంటే పరిష్కర్త పాఠాన్ని మరో పరిష్కర్త దిద్దాడు. 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఈ పునరుద్ధరణను మచ్చగా కాక, స్వతంత్రంగా విలువైన పనిగానే లెక్కలోకి తీసుకుంది. నాకు ఇందులో తేలని బాధ ఒకటి ఉంది. రెండు గోడల మధ్య ఖాళీలో నేతపనివాళ్ళూ పేదలూ కట్టుకున్న ఇళ్ళను ఈ క్రమంలోనే తొలగించారు. కోట చక్కగా కనబడాలంటే వాళ్ళు కనబడకూడదు. పడిపోయిన బురుజు మళ్ళీ లేచింది కానీ ఆ ఇళ్ళు లేవలేదు.

కార్కసోన్‌కు దక్షిణాన కోర్బియేర్ కొండల్లో గోధుమరంగు బోర్డులు 'కాతార్ కోటలు' అని పిలుస్తాయి. కాతార్లు చర్చి మతభ్రష్టులుగా ముద్ర వేసిన వర్గం, 1209 నాటి క్రూసేడు వీళ్ళ మీదే. 1244 మార్చి 16న మోన్‌సెగూర్ దగ్గర సుమారు రెండు వందల మందిని సజీవంగా తగలబెట్టారు. అయితే పేర్‌పెర్త్యూజ్, కెరిబ్యూస్ కొండకొమ్మల మీద ఇప్పుడు మనం చూసే గోడల్లో అధికభాగం కాతార్లవి కావు. 1258 ఒప్పందంతో ఆరగోన్ సరిహద్దు ఖరారయ్యాక ఫ్రెంచి రాజు బలపరిచిన సరిహద్దు దుర్గాలవి. ఓడినవాళ్ళ పేరు గెలిచినవాళ్ళ గోడకు తగిలించారు. పర్యాటక శాఖలకు ఈ పేరు బాగా కలిసొచ్చింది.

ఇలాంటి పేరు దిద్దుబాటే ఉత్తరాన కోర్ద్‌లోనూ ఉంది. తులూజ్ కౌంట్ ఏడో రేమోఁ 1222లో స్థాపించిన ఆ కొండమీది ఊరి పేరు ఏడున్నర శతాబ్దాలకు పైగా ఒట్టి కోర్ద్. కిందనున్న మంచులోంచి తేలినట్టు కనిపిస్తుందని 'సుర్ సియెల్', అంటే 'ఆకాశం మీద' అన్న తోకను అధికారికంగా చేర్చింది 1993లో.

మూలపాఠం స్పష్టంగా బయటపడేది మోంపాజియేలో. ఇది కోట కాదు, కొత్తగా కట్టిన సంత ఊరు. ఇలాంటి ఊళ్ళను బాస్తీద్‌లు అంటారు. 1222 నుంచి 1373 మధ్య నైరుతి ఫ్రాన్స్‌లో మూడు వందలకు పైగా వెలిశాయి. 1259 పారిస్ ఒప్పందం ప్రకారం ఇంగ్లండు రాజు అక్విటైన్‌ను ఫ్రాన్స్ రాజుకు సామంతుడిగా ఏలుకోవాలి. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి మీద ఒకరు సైన్యం కదపడం కంటే ఊళ్ళు కట్టడంలో ఎక్కువ పోటీ పడ్డారు. ఫ్రాన్స్ రాజు మూడో ఫిలిప్ 1281లో దొమ్ కట్టిస్తే, ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ 1284లో మోంపాజియేకు పునాది వేయించాడు. ఓరుగల్లులో రుద్రమదేవి పాలన చివరి దశ అది.

నేల బిరోన్ ప్రభువుది, పూచీ రాజుది. ఆదాయం పంచుకుందామని ఇద్దరూ ఒప్పంద పత్రం రాసుకున్నారు. ఊళ్ళో స్థిరపడేవారికి కొలిచిన ఇంటిస్థలం, సాగుకు భూమి, పాత దొర దాస్యం నుంచి విముక్తి. ప్రతిగా పన్ను, సంత సుంకం. ఊరు 400 మీటర్ల పొడవు, 220 మీటర్ల వెడల్పు గల దీర్ఘచతురస్రం. వీధులు లంబంగా ఖండించుకుంటాయి, మధ్యలో చౌక్, దాని చుట్టూ ఇళ్ళ ముందు కమాను వసారాలు. చౌక్ ఒక పక్క కొయ్యస్తంభాల సంత చావడి. అందులో ధాన్యం కొలిచే పాత్రలు ఈనాటికీ ఉన్నాయి. మన కుంచం, మానిక వాడిన తరానికి ఆ పాత్రల ముందు నిలబడితే ఏ గైడూ అవసరం లేదు. రాజు అధికారం ఈ ఊళ్ళో బురుజుగా కాక, నమ్మదగిన కొలతగా కనిపించేది. ఇళ్ళ మధ్య మనిషి పట్టనంత సన్నని సందులు వదిలారు. నిప్పు ఒక ఇంటినుంచి మరో ఇంటికి పాకకుండా, వాననీళ్ళూ మురుగూ పోవడానికి. చాలా బాస్తీద్‌లకు మొదట్లో కోటగోడే లేదు. ఫ్రాన్స్, ఇంగ్లండుల నూరేళ్ళ యుద్ధం ముదిరాక కట్టుకున్నారు. ఇళ్ళు ఎన్నిసార్లు పడిపోయినా, ముఖద్వారాలు ఏ శతాబ్దంలో మారినా, మళ్ళీ అదే గీతల మధ్య లేచాయి. రాయి మారింది, హద్దు మారలేదు. వియొలె-ల-ద్యూక్ కూడా ఇది గమనించాడు. తన వాస్తుశిల్ప నిఘంటువులో మోంపాజియే ప్రణాళికను అచ్చు వేశాడు. కార్కసోన్‌లో గోడలు తిరిగి కట్టినవాడే ఇక్కడ గోడల్ని వదిలేసి గీతను పట్టుకోవడం విశేషం.

బేనాక్ దగ్గరున్న సార్లా ఊరి కథ వేరు. ఊరంతా శిథిలమవుతున్న దశలో సాంస్కృతిక మంత్రి ఆంద్రే మాల్రో తెచ్చిన 1962 ఆగస్టు 4 చట్టం ఒక్కో కట్టడాన్ని కాక మొత్తం పాతబస్తీనే రక్షిత ప్రాంతంగా ప్రకటించే వీలు కల్పించింది. సార్లా దానికి తొలి ప్రయోగశాలల్లో ఒకటి. మెరిమే జాబితా నుంచి ఇక్కడికి రావడానికి నూట ఇరవై రెండేళ్ళు పట్టింది. వీధి కూడా పాఠమే అని చట్టం ఒప్పుకోవడానికి పట్టిన కాలం అది.

ఇక ప్రయాణం బేనాక్‌లో చిక్కుబడుతుంది, అక్షరాలా. నదికి ఒక ఒడ్డున కొండ అంచు మీద బేనాక్ కోట, కాస్త ఎగువన అవతలి ఒడ్డున కాస్తెల్నో కోట. నూరేళ్ళ యుద్ధంలో మొదటిది ఫ్రాన్స్ పక్షం, రెండోది ఎక్కువ కాలం ఇంగ్లండు పక్షం. కాస్తెల్నోలో 1985 నుంచి మధ్యయుగ యుద్ధవిద్యల మ్యూజియం నడుస్తోంది. రాళ్ళు విసిరే భారీ యంత్రాల నమూనాలు చూడటానికి పిల్లలు ఎగబడతారు. బేనాక్ ఊరి రోడ్డు కొండకూ నదికీ మధ్య ఇరుక్కుపోయి ఉంటుంది. వేసవిలో అక్కడ కార్లు కదలవు. దాన్ని తప్పించడానికి జిల్లా పరిపాలన నది మీద రెండు వంతెనలతో బైపాస్ మొదలుపెట్టింది. పర్యావరణ సంఘాలు కోర్టుకెక్కాయి. 2018 డిసెంబరు 28న ఫ్రాన్స్ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం పనులు ఆపించింది. అప్పటికే నదిలో స్తంభాలు లేచి ఉన్నాయి. 2019లో బోర్దో కోర్టు అనుమతి రద్దు చేసి, కట్టినదాన్ని పడగొట్టి చోటును పూర్వస్థితికి తేవాలని ఆదేశించింది. పైకోర్టూ దాన్నే ఖరారు చేసింది.

తీర్పుకు ఆధారం కోట కాదు. రక్షిత జంతుజాతుల ఆవాసాల్ని చెరపడానికి తగినంత ప్రజాప్రయోజనం ఇందులో లేదన్నది న్యాయమూర్తుల కారణం. మధ్యయుగ దృశ్యాన్ని ఆ మలుపులో కాపాడినవి నది ఒడ్డున బతికే జీవులన్నమాట. వియొలె-ల-ద్యూక్ శిథిలమైన గోడను పూర్తి చేయించాడు. ఇక్కడ కోర్టు, పూర్తికాని వంతెనను శిథిలం కాకముందే తీసేయమంది.