రాహుల్ సంచారం – ఆనందం ఎవరిది?

ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లలను 'నేను చేసిన ప్రయాణం' మీద వ్యాసం రాయమన్నాను. ఎక్కువమంది తిరుపతి గురించో, హైదరాబాదు గురించో రాశారు. ఒక పిల్లవాడు మాత్రం తల్లిదండ్రులతో లారీ ఎక్కి, పరాయి రాష్ట్రంలో ఇటుక బట్టీలకు వెళ్ళిన సంగతి రాశాడు. తరగతిలో అందరికంటే ఎక్కువ దూరం వెళ్ళినవాడు వాడే. కాని వాడికి సంతోషం కలిగింది మళ్ళీ బడికి తిరిగివచ్చిన రోజునట. దేశాటనం మనిషికి ఆనందాన్నిస్తుందని అంతకుముందే పాఠం చెప్పిన నాకు ఆ మాట అడ్డం తిరిగింది.

ప్రయాణానికీ ఆనందానికీ ముడిపెట్టడం మనకు అలవాటు. అయితే ఎవరు ప్రయాణిస్తున్నారు, దేనికోసం, ఎవరి భుజాల మీద అన్న ప్రశ్నలు వేయకుండా ఆ ముడిని విప్పలేం. మన చరిత్రనే తీసుకుందాం. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చారు. వెంట సుమారు వందమంది పరివారం. ఆయన చూసినదాన్ని చూసినట్టు రాసిపెట్టడం వల్ల మనకు 'కాశీయాత్ర చరిత్ర' అనే అమూల్య గ్రంథం మిగిలింది. కాని అదే దారిలో పల్లకీ మోసిన బోయీలు కూడా కాశీ చూశారు. వాళ్ళ యాత్రా చరిత్ర మనకు లేదు. ఆ శతాబ్దంలోనే తెలుగు కూలీలు ఓడలెక్కి మారిషస్‌కూ, బర్మాకూ వెళ్ళారు. బర్మాలో తెలుగువారికి 'కోరంగీలు' అన్న పేరు కోరంగి రేవు వల్లనే వచ్చింది. 1942లో జపాన్ సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు వేలాదిమంది కొండలూ అడవులూ దాటి కాలినడకన తిరిగి వచ్చారు. ఎందరో దారిలోనే చనిపోయారు. వాళ్ళది కూడా దేశాటనమే. ఆనందమనే మాట అక్కడ నోటికి రాదు.

ఈ రెండు రకాల ప్రయాణాలకూ భిన్నమైన మూడో రకం ప్రయాణికుడు రాహుల్ సాంకృత్యాయన్. 1893లో ఆజంగఢ్ జిల్లాలో ఒక బ్రాహ్మణ రైతు కుటుంబంలో పుట్టినప్పుడు ఆయన పేరు కేదారనాథ్ పాండే. చిన్నతనంలోనే ఇల్లు వదిలాడు. వైష్ణవ మఠంలో సాధువై, ఆర్యసమాజీయుడై, సింహళంలో బౌద్ధ భిక్షువై, చివరకు కమ్యూనిస్టు అయ్యాడు. దేశాలు మారినట్టే ఆయన సిద్ధాంతాలూ మారాయి. దీన్ని చాంచల్యం అనడం పొరపాటు. చూసిన సత్యానికి పాత నమ్మకం చాలనప్పుడు దాన్ని వదిలిపెట్టే ధైర్యమది.

1929లో ఆయన నేపాల్ మీదుగా టిబెట్ వెళ్ళాడు. దొర వేషంలో కాదు, బిచ్చగాడి వేషంలో. అపరిచితుణ్ణి కూడా ఇంట్లోకి రానిచ్చి టీ కాచి ఇచ్చే టిబెట్ స్త్రీలను, పరదాగాని అంటుగాని లేని అక్కడి ఆచారాన్ని మెచ్చుకుంటూ రాశాడు. అదే కలంతో అక్కడి భూములు జాగీర్లుగా మఠాల చేతుల్లో ఉన్నాయనీ, వాటిలో వెట్టిచాకిరీ సాగుతున్నదనీ రాశాడు. మామూలు యాత్రికుడు మొదటిది చూసి మురిసిపోతాడు. రెండోదాన్ని కూడా చూడగలగడమే చారిత్రక దృష్టి. భారతదేశంలో నశించిపోయిన సంస్కృత బౌద్ధ గ్రంథాలను టిబెట్ మఠాల్లో వెతికి పట్టుకున్నాడు. ధర్మకీర్తి 'ప్రమాణవార్తికం' సంస్కృత మూలం ఆ అన్వేషణ వల్లనే మళ్ళీ వెలుగు చూసింది. ఆయన తెచ్చిన సేకరణ పాట్నాలో అందరి సొత్తుగా నిలిచింది. ఇంగ్లండు, జపాన్, కొరియా, ఇరాన్, సోవియట్ దేశాలు తిరిగినవాడు 1939లో బీహారు రైతుల పక్షాన అమ్వారీ పొలంలో నిలబడ్డాడు. జమీందారు మనిషి కొట్టిన దెబ్బకు తల పగిలింది. ఆ తర్వాత జైలులో ఉండగా 1942లో ఇరవై కథలుగా రాసినదే 'ఓల్గా నుంచి గంగకు'. చాగంటి తులసి అనువాదంలో తెలుగు పాఠకులు దాన్ని తమదిగా చేసుకున్నారు. కాళ్ళు కదలని చోట కూడా ఆయన ఎనిమిది వేల ఏళ్ళ దూరం నడిచాడు.

మన భాషలో 'దేశదిమ్మరి' తిట్టు. దానికి దగ్గరిదైన హిందీ మాట 'ఘుమక్కడ్'ను రాహుల్ బిరుదుగా మార్చాడు. 'ఘుమక్కడ్ శాస్త్ర' అనే గ్రంథమే రాశాడు. స్త్రీలకు కూడా సంచరించే హక్కు ఉందని అందులో ఒక అధ్యాయం కేటాయించాడు.

ఇక్కడే విమర్శకుడు ఆగి ఆలోచించాలి. పదకొండేళ్ళ ప్రాయంలో పెద్దలు కట్టబెట్టిన పెళ్ళిని రాహుల్ అంగీకరించలేదు. అది న్యాయమే. కాని ఆ బాల్యవివాహంలో రెండో మనిషి కూడా ఉంది. ఇల్లు వదిలి వెళ్ళే స్వేచ్ఛ ఆయనకు దొరికినట్టు ఆమెకు దొరకలేదు. లెనిన్‌గ్రాడ్‌లో ఆయన భార్య లోలా, కొడుకు ఈగోర్. 1945 నుంచి రెండేళ్ళు వాళ్ళ దగ్గర ఉండి, విశ్వవిద్యాలయంలో బోధించి, 1947లో ఆయన స్వదేశానికి వచ్చాడు. వాళ్ళు అక్కడే ఉండిపోయారు. యుద్ధం, సరిహద్దులు, ప్రభుత్వాల నిబంధనలు కారణాలే కావచ్చు. అయినా సంచారి ఆనందానికి ఇంట్లో మిగిలినవాళ్ళు మూల్యం చెల్లించారన్నది నిజం. ఆయన్ని గౌరవించేవాళ్ళం మనమే ఈ మాట చెప్పాలి. లేకపోతే మన గౌరవం భక్తిగా మారుతుంది.

1961లో రాహుల్‌కు జ్ఞాపకశక్తి పోయింది. 1963 ఏప్రిల్ 14న డార్జిలింగ్‌లో కన్నుమూశాడు. నడిచిన దారులు ఆయనకే గుర్తులేని ఆ చివరి రోజుల్లో కూడా ఆయన తెచ్చిన గ్రంథాలు చదివేవాళ్ళున్నారు, ఆయన కథలు చదివి ఆలోచనలో పడ్డ యువకులున్నారు. ఆయన జీవితంలో నేను ఆనందమని పిలవగలిగింది ఇదే. అది చూసిన దేశాల లెక్కలో లేదు, తెచ్చి పదిమందికి పంచినదానిలో ఉంది.

అయితే పంచడానికి ముందు బయలుదేరే స్వేచ్ఛ ఉండాలి, తిరిగివచ్చే స్వేచ్ఛా ఉండాలి. బట్టీకి వెళ్ళిన మా పిల్లవాడికి మొదటిది లేదు. రెండోది మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరితేగాని రాదు. తెలుగులో యాత్రా సాహిత్యానికి కొదవలేదు. ఆ లారీలో ప్రయాణించినవాళ్ళ యాత్రా చరిత్ర మాత్రం ఇంకా రావలసే ఉంది. రాహుల్‌ను చదివిన రచయితలు ముందుగా చేయవలసిన ప్రయాణం ఆ బట్టీల దాకా.