మొదటి పాఠమే ఆగిపోయే పుస్తకం

పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ 2006లో మొదలైంది. ఆ రోజుల్లో జేఎన్‌టీయూ మొదటి ఏడాదిలో ‘సి ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్’ చదవాల్సి వచ్చేది. సి భాషకు మూలగ్రంథం కెర్నిగన్, రిచీ రాసిన పుస్తకం. 1978లో వచ్చింది, 1988లో రెండో కూర్పు. ప్రోగ్రామింగ్ ఎంతో కొంత తెలిసినవాళ్ల కోసమే రాశామని వాళ్లే ముందుమాటలో చెప్పుకున్నారు. పల్లె నుంచి వచ్చి అప్పుడే కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లల చేతికి అందుకే బాలగురుసామి, కనేట్కర్ పుస్తకాలు వచ్చాయి. వాటి మేలు తక్కువది కాదు, లైను లైనుకూ అర్థం చెప్పాయి. అయితే ల్యాబుల్లో పాతుకుపోయిన టర్బో సి కంపైలర్ నీలం తెర అలవాట్లు కూడా వాటితోనే అంటుకున్నాయి. అందులో పూర్ణాంకాలకు వాడే ఇంట్ రెండు బైట్లే. 40000 పెట్టి ప్రింట్ చేస్తే -25536 వచ్చేది. అది ఆ కంపైలర్ హద్దు. చాలామంది దాన్ని సి భాష నియమమనే నేర్చుకున్నారు.

మూలగ్రంథానికీ పాత కంపైలర్ల కాలానికి కట్టుబడే ఈ చిక్కు తప్పలేదు. అందులోని మొదటి ‘హలో వరల్డ్’ ప్రోగ్రాములో మెయిన్ ముందు ఇంట్ ఉండదు. 2024లో వచ్చిన జీసీసీ 14 కంపైలర్ దాన్ని ఎర్రర్ అని ఆపేస్తుంది. మొదటి అధ్యాయంలోని గెట్‌లైన్ ఫంక్షన్ పేరు ఇప్పటి లినక్స్ లైబ్రరీలోని పేరుతో ఢీకొంటుంది. అలాంటప్పుడు కొత్త పుస్తకమే మేలు కదా అంటారు. నేను ఒప్పుకోను. ఇవి పెన్సిలుతో అంచున దిద్దుకోదగ్గ తేడాలు. అసలు కష్టం వేరే ఉంది. ఆ పుస్తకంలో ఇంగ్లీషు వాక్యాలు చిన్నవే, కానీ ఒక వాక్యానికీ తర్వాతి దానికీ మధ్య దూరం ఎక్కువ. తెలుగు మీడియం పిల్లలు తడబడేది అక్కడే. అయిదో అధ్యాయంలో స్ట్రింగ్ కాపీ చేసే ఫంక్షన్‌ను మొదట అరేతో రాసి, తర్వాత పాయింటర్లతో, చివరికి ఒక్క వైల్ లైనులోకి కుదిస్తారు. ఆ కుదింపులో ఉన్న చదువు నాకు మరే పుస్తకంలోనూ దొరకలేదు. దాన్ని ఒంటరిగా చదివితే మాత్రం లైను కంఠస్థం అవుతుందే తప్ప బోధపడదు. బోర్డు మీద గడులు గీసి, పాయింటర్లకు గుర్తుగా పెట్టిన రెండు బాణాలనూ ఒక్కో గడి జరుపుతూ, చివరి సున్నా దగ్గర లూప్ ఎందుకు ఆగుతుందో తెలుగులో చెప్పే మాస్టారు పక్కనుండాలి.