గోడకు వీపు ఆనాక

ఇంట్లో శుభకార్యమంటే ఫోటో తీసేటాయన వీపు ఏదో ఒక క్షణాన గోడకు ఆనాల్సిందే. సూర్యాపేటలో మా పాతింటి నడిమి అర్ర పన్నెండడుగులు కూడా ఉండదు. అందులోనే పీట మీద పెళ్లికూతురు, చుట్టూ మేనత్తలు, చిన్నమ్మలు, వాళ్ల చంకల్లో పిల్లలు. ఆయనేమో బీరువాకు అతుక్కుపోయి, "జర దగ్గరికి జరుగుండ్రి, ఇంకొంచెం" అని చెయ్యి ఊపుతుండేవాడు. ఎంత జరిగినా చివర నిలబడ్డ పెద్దమ్మ భుజం సగానికి తెగేది. మా ఆల్బమ్ తిరగేస్తే అన్నీ సగం భుజాలే. చాలా ఏళ్ల తరువాత ఒక పాత రష్యన్ కెమెరా జోర్కీ-4 చేతికొచ్చినప్పుడు, దానికి ముందు వైడ్ లెన్సే వెతకాలనిపించింది ఆ భుజాల వల్లే.

లెక్క సులువు. 35 ఎం.ఎం. రీలు మీద పడే బొమ్మ వెడల్పు 36 మిల్లీమీటర్లు. కాబట్టి 35 లెన్సు మీరెంత దూరంలో ఉంటే ఇంచుమించు అంత వెడల్పు చూస్తుంది. పదడుగుల దూరం నుంచి 50 లెన్సుకు ఏడడుగుల చిల్లర దొరికితే, 35కు పదడుగుల పైన, 28కి దాదాపు పదమూడు, 21కి పదిహేడు దొరుకుతాయి. పెద్దమ్మ భుజం విలువ అచ్చంగా మూడడుగులన్న మాట.

ఈ మూడడుగుల కోసం మనుషులు పడ్డ పాట్లు చిన్నవి కావు. 1859లో థామస్ సటన్ అనే ఇంగ్లీషాయన గుండ్రటి గాజులో నీళ్లు నింపి లెన్సు తయారుచేశాడు. 1900లో జర్మనీలో గోయెర్జ్ కంపెనీ హైపర్‌గాన్ తెచ్చింది. అది ఏకంగా 135 డిగ్రీలు చూసేది. మధ్యలో వెలుగు ఎక్కువై అంచులు చీకటిగా వస్తుంటే, లెన్సు ముందు నక్షత్రం ఆకారంలో చిన్న రేకు చక్రం పెట్టి, రబ్బరు బుడ్డి పిసికి గాలితో తిప్పేవాళ్లు. ఆ కాలానికి మన దగ్గర సికింద్రాబాద్‌లో లాలా దీన్ దయాళ్ స్టూడియో నడుస్తోంది, ఆరో నిజాం ఆయనను ముసవ్విర్ జంగ్ అని గౌరవించాడు. పెద్ద గాజు పలకలు, మూడు కాళ్ల స్టాండు, తల మీద నల్లగుడ్డ. శ్రమ చెప్పనలవి కాదు గానీ, ఒక్క సుఖం ఉండేది: లెన్సు ఏది చూస్తే వెనక అద్దం మీద అదే కనపడేది, తలకిందులైనా సరే.

ఆ సుఖం చిన్న కెమెరాతో పోయింది. 1925లో లైకా బజారుకొచ్చింది. 1932లో దూరం కొలిచే రేంజ్‌ఫైండర్‌ను లెన్సుతో కలిపేశారు. కిటికీలోంచి చూస్తే ఒకే మనిషి రెండు బొమ్మలుగా కనపడతాడు, లెన్సు తిప్పుతూ ఆ రెంటినీ ఒకటి చేస్తే ఫోకస్ కుదిరినట్టు. చక్కటి ఏర్పాటే. కానీ ఈ కెమెరాకు చూసే కన్ను వేరు, తీసే కన్ను వేరు. 1930లో 35 ఎల్మార్, 1935లో 28 హెక్టార్ లెన్సులు వచ్చేశాయి, కిటికీ మాత్రం 50కి కోసిందే. అందుకని నెత్తిన ఇంకో చిన్న ఫైండర్ తగిలించాలి. ఒక కిటికీలో ఫోకస్, ఇంకో కిటికీలో హద్దులు. ఈలోగా పిల్లవాడు పరుగెత్తిపోతాడు. నా మటుకు, ఈ కెమెరాలకు వైడ్ లెన్సు ఎంచుకోవడమంటే గాజు కంటే ముందు కిటికీని ఎంచుకోవడం. లెన్సు పదును గురించి రాత్రంతా వాదించేవాళ్లు ఈ సంగతి అడగరు.

మరైతే అంత తిప్పలుండీ వైడ్‌కు రేంజ్‌ఫైండరే మేలని ఎందుకన్నారు? అద్దం లేదు కాబట్టి. ఎస్సెల్లార్‌లో లెన్సుకూ ఫిల్ముకూ నడుమ అద్దం పైకి లేచి దిగాలి. నికాన్ ఎఫ్‌లో ఆ దూరం 46.5 మిల్లీమీటర్లు, కాబట్టి వైడ్ లెన్సును దూరంగా నిలబెట్టడానికి చుట్టుతిరుగుడు డిజైన్లు చేయాల్సొచ్చింది. లెన్సును మరలా తిప్పి బిగించే లైకా కెమెరాలో, అంటే మర కెమెరాలో, ఆ దూరం 28.8 మాత్రమే, పైగా అడ్డం ఏమీ లేదు. లుడ్విగ్ బెర్టెలె 1930లలో జైస్ కంపెనీ కాంటాక్స్ కెమెరా కోసం చేసిన 35 బయోగాన్ ఈ ఖాళీని పూర్తిగా వాడుకుంది, దాని వెనక గాజు షట్టర్ దాకా చొచ్చుకొస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత జైస్ డిజైన్లు సోవియట్‌ల చేతికి పోయాయి, బయోగానే జూపిటర్-12గా మళ్లీ పుట్టింది.

నేను కొన్నది అదే. పార్సిల్‌లో ఎవరో పంపిన మొదటిది విప్పి టార్చి వెలుగులో చూస్తే లోపల బూజు సాలెగూడులా అల్లుకుని ఉంది. మన వానాకాలానికి ఇది కొత్త కాదు, తోలు సంచిలో పెట్టిన లెన్సుకు బూజు పట్టకపోతేనే వింత. రెండోది శుభ్రంగా వచ్చింది. అరచేతిలో ఇమిడిపోతుంది, నిమ్మకాయంత. తిరగేస్తే వెనక గాజు కోడిగుడ్డు కొసలా ఉబ్బి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. మామూలు మూత దానికి పట్టదు, లోతుది కావాలి. బల్ల మీద పెట్టేటప్పుడు చంటిపిల్లను పడుకోబెట్టినంత జాగ్రత్త. అపెర్చర్ తిప్పాలంటే ముందు అంచు లోపలికి వేలు దూర్చాలి, గాజు మీద వేలిముద్ర ఖాయం. కొన్ని కెమెరాల్లో, ముఖ్యంగా లోపల లైట్ మీటర్ చెయ్యి అడ్డం ఉండేవాటిలో, ఈ ఉబ్బు పోయి తగులుతుంది. కొనేముందు మన కెమెరాకు సరిపోతుందో లేదో చూసుకోవాలనేది ఇందుకే. మర లెన్సును చిన్న రింగుతో లైకా ఎం కెమెరాలకు పెట్టొచ్చు, వాటి దూరం 27.8 కాబట్టి రింగుకు సరిగ్గా ఒక మిల్లీమీటరు చోటుంది. ఎం లెన్సును మాత్రం మర కెమెరాకు పెట్టలేం.

కిటికీ కథ 1954లో పెద్ద మలుపు తిరిగింది. లైకా ఎం3లో ఫోకస్, హద్దులు ఒకే కిటికీలో కలిసిపోయాయి. హద్దులు చూపే గీతలు 50, 90, 135కే. 35 పెట్టాలంటే లెన్సుకే కళ్లజోడు తగిలించి అమ్మారు! నవ్వొస్తుంది గానీ అది నిజంగానే కళ్లజోడు, కిటికీల ముందుకు వచ్చి కూర్చుంటుంది. తరువాత వచ్చిన ఎం2లో 35కు గీత ఇచ్చేశారు. ఇంకా వెడల్పు కావాలన్నవాళ్లకు 1954లో కాంటాక్స్‌కు 21 బయోగాన్, 1958లో లైకాకు 21 సూపర్ ఆంగులాన్ వచ్చాయి. ఫైండర్ మళ్లీ నెత్తినే.

సరిగ్గా ఆ ఏళ్లలోనే మన సీమ రూపురేఖలు మారాయి. 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ పునాదిరాయి వేశాడు, 1967లో కాలువలకు నీళ్లొదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలను వరి మడులు చేసింది. మిల్లులు లేచాయి, పెళ్లిళ్లు పెద్దవయ్యాయి, స్టూడియోలూ వెలిశాయి. కానీ ఆ స్టూడియోల చేతుల్లో ఉన్నది రెండు కళ్ల యాషికా మ్యాట్ లాంటి డబ్బా కెమెరా, తరువాత యాషికా ఎలక్ట్రో 35. మొదటిదాని లెన్సు మార్చలేం. రెండోది రేంజ్‌ఫైండరే గానీ 45 లెన్సు దానికే అతికి ఉంటుంది. అందుకే ఆ కాలపు గ్రూపు ఫోటోలన్నీ ఆరుబయట, నడివీధిలో, మూడు వరుసల్లో ఉంటాయి. అది ముచ్చట అనుకుంటాం గానీ, లోపల చోటు చాలకనే అందరినీ వీధిలోకి తోలారు. అంతకుముందు 1940లలో సునీల్ జానా తెలంగాణ రైతాంగ పోరాటాన్ని ఫోటోలు తీశాడు. వాటిలో తుపాకులు పట్టిన ఆడవాళ్లను చూస్తే, వెడల్పు లేకపోయినా ఫోటో ఎంత నిండుగా ఉంటుందో తెలుస్తుంది. ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్ ఎక్కువగా 50తోనే లోకమంతా చుట్టొచ్చాడు.

నా 35ను ముందు పిల్లలమర్రి తీసుకుపోయాను. 1208 నాటి ఎరకేశ్వరాలయం మండపంలో నల్లరాతి స్తంభాల నడుమ నిలబడి చూస్తే, ఇక్కడ 21 ఉంటే బాగుండుననిపించింది. స్తంభానికీ గోడకూ నడుమ వెనక్కి పోయే చోటే లేదు. వాడపల్లిలో మాత్రం తిరకాసైంది. కృష్ణ, మూసీ కలిసేచోట వైడ్ పెడితే రెండు నదులూ రెండు దారప్పోగులైపోయాయి, ఆకాశమే మిగిలింది. వెడల్పైన దృశ్యానికి వెడల్పు లెన్సని అందరూ అంటారు, నాకు నమ్మకం పోయింది. మిర్యాలగూడ మిల్లు ఆవరణలో అది నప్పింది: ముందు మూడడుగుల్లో వడ్ల కుప్ప, వెనక ట్రాక్టర్ల బారు, ఊక ధూళిలో హమాలీలు. దగ్గరిది పెద్దదయ్యి దూరపుది వెనక్కి జరిగింది. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో ఫోకస్ ఊసే ఎత్తలేదు. అపెర్చర్ ఎఫ్ 8 దగ్గర లెన్సును ఐదు మీటర్లకు పెడితే రెండున్నర మీటర్ల నుంచి కొండదాకా అంతా స్పష్టమే. 28కైతే మూడు మీటర్ల చిల్లర చాలు. డోలు దెబ్బల్లో, గంపల నడుమ రెండు బొమ్మలు ఒకటి చేస్తూ కూర్చునే ఓపిక ఎవరికుంటుంది?

1959 తరువాత ఎస్సెల్లార్‌లు రేంజ్‌ఫైండర్లను మూలకు నెట్టాయి. లెన్సు చూసేదే కంటికి కనపడితే ఇన్ని కిటికీలెందుకన్నారు, న్యాయమే. జపాన్‌లో కొసీనా కంపెనీ 1999లో ఫోయిక్‌ట్‌లాండర్ పేరు మీద మర లెన్సులను మళ్లీ చేసింది. దానితో పాటు బెస్సా-ఎల్ అనే కెమెరా. దానికి కిటికీయే లేదు, రేంజ్‌ఫైండర్ అంతకన్నా లేదు. 15 లెన్సు పెట్టుకుని, దూరం అంకెల్లో చూసి నొక్కెయ్యడమే. డెబ్బై ఏళ్లు కిటికీ సరిచేస్తూ వచ్చి, చివరికి కిటికీనే పీకేశారు. ఆ 15 నాకు మోజే గానీ, మా నడిమి అర్రలో అది గోడల మూలలన్నీ పట్టి మనుషుల్ని బొమ్మలకొలువులోని బొమ్మలంత చేస్తుంది.

మొన్న ఇంట్లో సీమంతానికి కోదాడ మిత్రుడి దగ్గర పాత కేనన్ 28 బదులు తెచ్చాను. అదే అర్ర, అదే బీరువా, నా వీపు దానికే. అందరూ పట్టారు, భుజాలు తెగలేదు. ఫిల్ము కడిగించి తెచ్చి చూపిస్తే పెద్దమ్మ కళ్లజోడు సరిచేసుకుని చాలాసేపు చూసింది. చివర నిలబడ్డది ఆమే. వైడ్ లెన్సు అంచుల్లో ఉన్నవాళ్లను పక్కకు సాగదీస్తుందని నాకు తెలుసు, ఆమెకు తెలియదు.

"అందరు మంచిగనే ఉన్నరు గని, నన్నొక్కదాన్నే ఇంత లావు చేసినవేందిరా?" అంది.