చెరువు నీటి పంపకంలో నీరటికాడు: అధికారం, ఆశ్రితత్వం

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం (క్రీ.శ. 1369) చెరువు నిర్మాణానికి కావలసిన పన్నెండు అంగాలను వివరిస్తుంది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు త్రవ్వించిన ఈ చెరువుకు దినమునకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసినట్లు అందులో ఉంది. నిర్మాణ కుశలురైన పనివారు ఆ అంగాలలో ఒకరు. నిండిన చెరువు నుండి నీరు పంచేవాడు మాత్రం ఆ జాబితాలో లేడు. దాతల పక్షాన వెలసిన శాసనంలో ఇది ఆశ్చర్యం కాదు.

ఆ పంపకందారును తెలంగాణలో నీరటికాడు లేదా నీరడి అనీ, రాయలసీమలో నీరుగంటి అనీ వ్యవహరించారు. బ్రిటిష్ పార్లమెంటుకు సమర్పించిన 1812 నాటి ఐదవ నివేదిక గ్రామోద్యోగులలో చెరువులు, కాలువల పర్యవేక్షకుని కూడా చేర్చింది. తూము తెరవడం, మూయడం, కాలువ వెంట నడిచి మడిమడికీ నీరు పారించడం, వానాకాలపు రాత్రులలో కట్టను, అలుగును కనిపెట్టి ఉండడం అతని విధులు. చెరువు అలుగు పారిన ఏడు ఈ పని ఎవరి కంటికీ ఆనదు. సగమే నిండిన ఏడు ఏ మడికి ఎన్ని తడులు, ఏ పొలాన్ని ఎండనివ్వాలి అన్నవే ఊరి వివాదాలు.

పెక్కు గ్రామాలలో ఈ వృత్తి వంశపారంపర్యంగా దళిత కుటుంబాలది. ఆయకట్టులో భూమి లేనివాడు పక్షపాతం చూపడన్నది దీనికి తరచుగా చెప్పే కారణం. ఈ వాదన సగమే నిలుస్తుంది. అతని మాన్యం అదే చెరువు కింద ఉన్నచోట అతడూ నీటికి ఎదురుచూసేవాడే. పైగా కళ్లంలో అతనికి కొలిచే ధాన్యం రైతుల చేతిలోనిది. తూము అతని అదుపులో, అతని తిండి రైతుల అదుపులో ఉండగా, పెద్దరైతు రాత్రివేళ నీరు మళ్లించమంటే కాదనడం సులభం కాదు. కనుక నిష్పాక్షికతను అతని సహజగుణంగా గాక, ఊరు అతనిపై మోపిన షరతుగా చూడడం సమంజసం.

దశబంధ మాన్యాలను ఇక్కడ కలపరాదు. అవి చెరువు త్రవ్వించినవారికి, మరమ్మతు బాధ్యులకు దక్కినవి. నీరటికాని మాన్యం దినదిన సేవకు ప్రతిఫలం.

1858 నాటి చట్టం మద్రాసు ప్రెసిడెన్సీలో చెరువు పనులకు ఆచారసిద్ధమైన గ్రామశ్రమను నిర్బంధం చేసింది. 1955, 1956 చట్టాలు తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాలలో ఇనాములను రద్దు చేశాయి. 1997 నాటి సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచి, వాటిలో ఓటుహక్కును ఆయకట్టు భూమి గలవారికి ఇచ్చింది. భూమి లేని నీరటికానికి ఆ ఓటు లేదు.